నాగజ్యోతికి అందిన తాంబూలం

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ కార్ఖానాలో నాగజ్యోతి పద్నాలుగేళ్లుగా గాజులకు రాళ్లు పొదుగుతోంది. పెళ్లి చేసుకోలేదు. యజమాని పాండురంగారావు గారిది ఒక ఆనవాయితీ. పనివాడికి పెళ్లయితే తాంబూలమిచ్చి మరీ కూలి పెంచుతారు. నాగజ్యోతి దగ్గరే పని నేర్చుకున్న హరిబాబుకు అలా పెరిగినప్పుడు ఆమె ఆగలేక అడిగేసింది.

"వాడి చేతివేగం పెరిగిందాండీ?"

"సంసారం పెరిగిందమ్మా. నీకేం, ఒక్కదానివి!"

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. తల్లి మందులు, తమ్ముడి చదువు సంసారం కాదా? కానీ మిగతా కార్ఖానాల్లోనూ ఇదే తీరు.

ఈ ఏడు ఆ వీధిలో రెండు కొత్త బ్యాంకులు తెరిచారు. పాత బ్యాంకు ఒక్కటే ఉన్నన్నాళ్లూ కాళ్లరిగేలా తిరిగినా అప్పు పుట్టని, నాగజ్యోతితో కలిసి పనిచేసిన సావిత్రికి, ఇప్పుడు మూడు బ్యాంకులూ ఇంటికొచ్చి ఇస్తామన్నాయి. ఆ అప్పుతో సావిత్రి సొంతంగా గాజుల షెడ్డు వేసుకుంది. "హరిబాబుకిచ్చే కూలే నీకిస్తాను, వచ్చెయ్ అక్కా" అని నాగజ్యోతికి కబురు పెట్టింది.

ఆ సంగతి చెవినపడి మర్నాడే పాండురంగారావు గారు తాంబూలం పట్టుకొచ్చారు.

"నీకూ హరిబాబుతో సమానంగా ఇస్తానమ్మా."

"పెళ్లికొడుకెవరండీ?" అంది నాగజ్యోతి.

ఆయన గుమ్మంలోంచి ఎదురుగా ఉన్న కొత్త బ్యాంకు బోర్డు చూపించారు.

"ఇంకెవరు? అదిగో!"

నాగజ్యోతి నవ్వుతూ తాంబూలం అందుకుంది. పక్కనే రాళ్లు పొదుగుతున్న, పెళ్లికాని దీప్తి వైపు చూసింది.

"మరి ఈ అమ్మాయికండీ?"