వెనకగది కిటికీ

ఒడెల్లా మాటంటే మాటే. ముప్పయ్యేళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. పిల్లలదాకా ఎందుకు, హెడ్మాస్టరంతటివాడు కూడా ఆవిడ "తిను" అంటే కిక్కురుమనకుండా పళ్లెం ఖాళీ చేసేవాడు. ఉత్తర అలబామాలోని ఆ చిన్న ఊళ్లో ఆవిడ నోటికి జడవని వాళ్లు లేరు. ఆ నోటి మాట విన్నందుకే చెల్లెలు లొరీన్ అన్యాయంగా పోయిందని మాత్రం ఆవిడకు డెబ్భయ్యొకటో ఏట తెలిసింది.

అది 1974 ఏప్రిల్. ఒక్క రోజులో సుడిగాళ్లు ఎన్నో రాష్ట్రాలను దున్నేసి పోయాయి. గాలి వస్తోందంటే ముందు కిటికీలు తెరవాలి, లేకపోతే లోపలి గాలి ఉబ్బి ఇల్లు పేలిపోతుంది అని ఆ రోజుల్లో అందరికీ కంఠతా వచ్చు. బడిలో అదే నేర్పారు, రేడియోలో అదే చెప్పారు. లొరీన్ కూతురైన ఆరేళ్ల రోండాను చంకనేసుకుని ఒడెల్లా పెరట్లోని నేలమాళిగ తలుపు దగ్గరికి చేరింది. అప్పుడు గుర్తొచ్చి, వెనకే వస్తున్న లొరీన్‌ను అడిగింది.

"వెనకగది కిటికీ తీశావుటే?"

"అది రంగు పట్టి బిగుసుకుపోయి చచ్చింది. టైము లేదక్కా, పద!"

"తీస్తావా, లేదా? ఇల్లు పేలిపోతుందే మొద్దూ, పో!"

లొరీన్ వెళ్లింది. మర్నాడు రెండు పొలాల అవతల దొరికింది.

"మీ అమ్మ ఇల్లు కాపాడబోయి పోయిందమ్మా" అని చెప్పి, ఒడెల్లా రోండాను పెంచింది. ఎవరు పంపారో చెప్పలేదు. అదే చోట మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. ఏటా వసంతంలో మబ్బు నల్లబడితే చాలు, రోండా పరుగున వెళ్లి కిటికీలన్నీ తెరిచేది. "అచ్చం అమ్మే" అని ఒడెల్లా మురిసిపోయేది. పాపం, ఏం చూసి మురిసిందో!

ఆ గాలికి నలభయ్యేళ్లు నిండాయని చర్చి హాల్లో అందరూ కూడారు. పోయినవాళ్ల పేర్లు చదివారు, పేరుకో గంట కొట్టారు. భోజనాల తర్వాత వాతావరణ కార్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి లేచి, "కిటికీలు తెరిస్తే ఒరిగేదేమీ లేదండీ. ఆ కాసేపట్లో దాక్కుంటే ప్రాణం దక్కుతుంది" అంది.

"మా ఆవిడ నాతో పధ్నాలుగు కిటికీలు తెరిపించింది తల్లీ!" అన్నాడు ముసలి హోయ్ట్. "ఎనిమిదోది తీసేసరికి గోడే లేదు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఒడెల్లా కేకు పళ్లెం పక్కన పెట్టేసింది. కాఫీ కాస్తూ వంటింట్లో ఉండిపోయిన రోండా ఇదేమీ వినలేదు.

ఒడెల్లా మూడు వారాలు ఆ మాట కడుపులో పెట్టుకుని కుమిలిపోయింది. చెబితే ఉన్న ఒక్క మనిషీ దూరమవుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల ఆ పిచ్చి కిటికీల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ దాటేసింది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఊళ్లో సుడిగాలి సైరన్ మోగింది. ఉత్తుత్తి పరీక్షకైతే బుధవారం మోగాలి, ఇది నిజం గాలే. రోండా పొయ్యి ఆర్పి, పెద్దమ్మను పెరట్లోకి నడిపించి, నేలమాళిగ తలుపు ఎత్తింది.

"నువ్వు దిగు పెద్దమ్మా. వెనకగది కిటికీ ఒక్కటే మిగిలింది, తీసొస్తా."

ఒడెల్లా దాని మణికట్టు ఒడిసిపట్టుకుంది. "వద్దే! దానివల్ల ఏమీ ఒరగదుట. మీ అమ్మను నేనే పంపానే. వెళ్లనంది, అరిచి మరీ పంపాను. అక్కర్లేని కిటికీ కోసం!"

రోండా ముసలామెను లోపలికి దించి, తానూ దిగి, తలుపు గడియ వేసి, ఎదుటి బల్ల మీద కూర్చుంది. పైన గాలి ఊళపెట్టి ఊరి అవతలగా పోయింది.

"నువ్వు పంపావని నాకు తెలుసు," అంది రోండా. "నీ చంకలో ఉన్నది నేనేగా? నువ్వు అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది."

"మరి ఎన్నడూ అడగలేదేమే?"

"ఎవరైనా అదే చేసేవాళ్లు, ఇంటి కోసం తప్పలేదు అనుకున్నా. అలా అనుకునే ఇన్నేళ్లూ నీ చేతి కూడు తిన్నాను." "అయితే మా అమ్మ ఊరికే పోయిందన్నమాట."

"నాకూ మొన్న చర్చి హాల్లోనే తెలిసిందే తల్లీ, ఒట్టు..."

"తెలిసి మూడు వారాలూ నోరు మూసుకున్నావు. ఈ మూడు వారాల్లో గాలొచ్చి ఉంటే?"

రోండా గడియ తీసింది. మెట్లెక్కడానికి చెయ్యి అందించింది గాని ముఖం చూడలేదు. పైన ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. వెనకగది కిటికీ మూసే ఉంది.