సాయంత్రం దాకా కూర్చోమన్న సువార్త మేడమ్

ఫిబ్రవరి వచ్చిందంటే మా గుంటూరు ఆఫీసులో ఎవరు కిటికీ తెరిచినా నాకు ఇట్టే తెలిసిపోతుంది. యార్డుకు వెళ్లే మిర్చి లారీలు మా వీధి మలుపు తిరిగేసరికి ముక్కు మండి వరసగా నాలుగు తుమ్ములు వస్తాయి. ఈ ఉదయం కూడా వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కున్నారు గానీ నాకు నవ్వొచ్చింది. నేను చదివిన డిగ్రీ కాలేజీ వెనకే మిర్చి గోడౌన్లు ఉండేవి. బస్తాలు ఎత్తే రోజున తరగతి తరగతంతా తుమ్మేది. ఒంటి తుమ్ము వినబడితే గడప దాటని మా నాయనమ్మ ఆ కాలేజీలో చేరి ఉంటే మూడేళ్లూ గేటు దాటి ఉండేది కాదు. స్టాటిస్టిక్స్ చెప్పే సువార్త మేడమ్ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "వచ్చే నిమిషంలో ఎంతమంది తుమ్ముతారో రాయండర్రా. దగ్గరగా రాసినవాడు ఈ వారం రికార్డు రాయక్కర్లేదు" అనేవారు. సంభావ్యత పాఠం నాకు ఒంటబట్టింది అలాగే.

మేడమ్‌ది కొత్తపట్నం దగ్గర ఒక పల్లె. తల్లి పొలం పనులకు వెళ్లి, కూతురిని మిషన్ హాస్టల్లో ఉంచి చదివించింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. చేతికి మగవాళ్ల వాచీ పెట్టుకునేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఏమీ అనకుండా ఆ వాచీని చూపించేవారు, అంతే. మాకు ఆవిడంటే భయం. ఆవిడ తిట్టని రోజున ఏదో వెలితిగా ఉండేదన్న సంగతి మాత్రం కాలేజీ వదిలాక తెలిసింది.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురిదీ ఒకటే మాట, హైదరాబాదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయన్న భయంతో కంపెనీలు దొరికినవాడినల్లా ఉద్యోగంలోకి తీసుకున్న రోజులు అప్పుడే దాటాయి. మా సీనియరు సుబ్బారావు అలా చేరి, నడుముకు సెల్‌ఫోను తగిలించుకుని కాలేజీకి వచ్చాడు. ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు, అయినా మేము రెండు గంటలు దాని చుట్టూ తిరిగాం. ఆ మర్నాడే నేను అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుకు దరఖాస్తు నింపి, సంతకం కోసం మేడమ్ దగ్గరికి వెళ్లాను. పొదిలి దగ్గర మెట్ట పొలం మాది. ఇంట్లో చదువు మీద ఇంకొక్కసారి మాత్రమే ఖర్చు పెట్టగలరు. ఆ ఒక్క అవకాశం పాడైతే నేను పొలానికి తిరిగి వెళ్లాల్సిందే. మా పొలం ఇంకో మనిషిని మోసే స్థితిలో లేదు.

మేడమ్ కాగితం చదివి పక్కన పెట్టారు.

"మీ ఊళ్లో మిరప ఎప్పుడు వేస్తారు శీనూ?"

"నిరుడు ధర బాగుంటే ఈ ఏడు వేస్తారు మేడమ్."

"ఒక్క మీ నాన్నేనా?"

"ఊరంతా వేస్తారండి."

"కోసేనాటికి ధర?"

పడిపోతుందని నాకు తెలుసు. ఒళ్లు మండింది. మా నాన్న మూడుసార్లు చేసిన తప్పు అది. దాన్ని పుస్తకాల మధ్య కూర్చుని ఈవిడ నాకు చెప్పడం ఏమిటనిపించింది.

"సంతకం చేస్తాలే. ముందు ఒక చోటికి వెళ్లి రోజంతా కూర్చుని పని చూసి రా. జీతమెంతని ఎవర్నీ అడక్కు. ఎవరికి దేనికి తిట్లు పడతాయో చూడు. ఆ పనికి ప్రాణం అక్కడే ఉంటుంది" అన్నారు.

ఆఖరి సంవత్సరం పిల్లలందరికీ ఆవిడ పెట్టే షరతు అది. ఒకడిని బ్యాంకుకు పంపారు, ఒకమ్మాయిని ఆసుపత్రి లాబొరేటరీకి పంపారు. నన్ను ఊరి చివర, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుకు పంపారు. అక్కడ కాసిం గారని పెద్దాయన దూది నాణ్యత చూసేవారు. చిటికెడు దూది రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని, లాగి, మళ్లీ పేర్చి, మళ్లీ లాగి, పింజ, అంటే దూది పోగు, పొడవు ఇంత అని చెప్పేవారు. పక్క గదిలోకి అదే పని చేసే కొత్త యంత్రం వచ్చింది. దాని ముందు నా వయసు కుర్రాడొకడు కూర్చుని తెర మీద అంకెలు రాసుకుంటున్నాడు. నాకు విషయమంతా అర్థమైపోయింది. పెద్దాయన పని అయిపోయింది, కుర్రాడి పని పైకొస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకే కాలేజీకి తిరిగొచ్చి మేడమ్‌కు అదే చెప్పాను.

ఆవిడ వాచీ చూపించారు.

"సాయంత్రం దాకా అన్నానా లేదా? ఇంతకీ ఎవరికి తిట్లు పడ్డాయి?"

"ఎవరికీ పడలేదండి."

"అయితే నువ్వు ఏమీ చూడలేదు. పో, వెళ్లి కూర్చో."

ఎండలో తిట్టుకుంటూ వెళ్లాను. నాలుగింటికి మిల్లులో గొడవ మొదలైంది. ఒక వ్యాపారి తెచ్చిన దూది మంచిదని కాసిం గారు అన్నారు, పింజ పొట్టిగా ఉందని యంత్రం అంది. యజమాని ఇద్దరినీ నిలబెట్టి కేకలేశాడు.

"ముసలాయన తప్పా, మిషను తప్పా? ఇంతమందిలో ఒక్కడూ చెప్పలేరేందయ్యా!"

కుర్రాడు అంకె చూపించాడు. అంతకు మించి అతనికి తెలియదు. కాసిం గారు నెమ్మదిగా, "నేను బేలు మూటకు నాలుగు పక్కలా లాగి చూశా బాబూ. ఆ అబ్బాయి పైన చేతికందింది తీసుకుపోయాడు" అన్నారు. యజమాని వినిపించుకోలేదు. నా నోరు ఊరుకోలేదు. ఐదు చోట్ల నుంచి దూది తీసి, ఐదుసార్లు యంత్రంలో పెట్టి, సగటు చూడమన్నాను. అది నా గొప్ప కాదు, మేడమ్ రెండో సంవత్సరంలో చెప్పిన పాఠం. చూస్తే అంకె కాసిం గారి మాట దగ్గరికే వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు యజమాని.

"స్టాటిస్టిక్స్ చదువుతున్నానండి."

"అది చదివితే ఏ ఉద్యోగం వస్తుందో నాకు ఇప్పటిదాకా తెలవదు" అన్నాడాయన. నిజానికి నాకూ అప్పటిదాకా తెలియదు.

హైదరాబాదు దరఖాస్తు మీద మేడమ్ మాట ప్రకారం సంతకం చేశారు. నేనే పంపలేదు. గుంటూరులోనే ఉండి సాయంత్రాలు కంప్యూటరు నేర్చుకున్నాను. ఆదివారాలు కాసిం గారి పక్కన కూర్చుని దూది లాగడం నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి కంపెనీలు మనుషులను తీసుకోవడం ఆపేశాయి. నా గది మిత్రులు ముగ్గురూ పెట్టెలతో తిరిగొచ్చారు. నేను గెలిచినవాడి ముఖం పెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.

"పడిన ధర మళ్లీ లేస్తుంది, వాళ్లూ నిలబడతారు. నవ్వకు. ఒకప్పుడు నేను ఒక బ్యాచ్ మొత్తాన్ని టైపు నేర్చుకోమన్నా. నిర్మల అని ఒకమ్మాయి లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసయింది. అది పాసయ్యేసరికి ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. ఆ సర్టిఫికెట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. అందుకే, ఏ కోర్సు చదవాలో నేను ఎవరికీ చెప్పను. చూసి రమ్మంటా, అంతే" అన్నారు.

ఆవిడ గొంతు తగ్గడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆవిడ అన్నట్టే నా మిత్రులు ముగ్గురూ తర్వాత బాగానే స్థిరపడ్డారు. నాకు పత్తి పరీక్షించే లాబొరేటరీలో ఉద్యోగం వచ్చింది. వేళ్ల భాష, అంకెల భాష రెండూ తెలిసినవాడినని నాకు మంచి పేరే ఉండేది.

రిటైరయ్యాక ఒకరోజు మేడమ్ చెప్పాపెట్టకుండా మా లాబొరేటరీకి వచ్చారు. ఒక మూల కుర్చీ వేయించుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. టీ తాగారు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నాకు లోపల సంబరంగా ఉంది. ఆవిడ పంపితే మొదలైన బతుకు కదా, చూసి మురిసిపోతారనుకున్నాను.

బయల్దేరేముందు, "ఈ మధ్య నీకు ఎప్పుడు తిట్లు పడ్డాయి?" అని అడిగారు.

"రెండేళ్లయిందండి, ఎవరూ ఒక్క మాట అనలేదు" అన్నాను గర్వంగా.

"అదే చూశా. నీ ఫోనే మోగలేదు. అంకెలు మిషన్లోంచి తిన్నగా కొనేవాళ్ల కంప్యూటరుకి పోతున్నాయి. మధ్యలో నిన్ను అడిగేవాడు లేడు. తిట్టేవాడు లేడంటే నీ పనితో ఎవరికీ పని లేదన్నమాట శీనూ."

ఆటో ఎక్కించి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క ముక్కనైనా కొట్టిపారేయాలని చూశాను, కుదరలేదు. మర్నాడు పొద్దున్నే, ఆ అంకెలు పంపే ప్రోగ్రాం రాసిన అమ్మాయి బల్ల పక్కకు నా కుర్చీ జరుపుకున్నాను. నాకంటే పదేళ్లు చిన్నది. మొదటి పాఠానికే పరీక్ష ఫలితాల ఫైలు ఒకటి చెరిపేశాను. "చూసుకోవాలి కదండీ!" అని ఆ అమ్మాయి గట్టిగా కసిరింది. రెండేళ్ల తర్వాత పడ్డ మొదటి తిట్టు అది. "తప్పయిపోయింది మేడమ్, మళ్లీ చెప్పండి" అన్నాను.