మా మామ గుర్రానికి రెండు బూట్లు

మా మామకు చెవులు వినపడవు. సూరత్‌లోని ఉధ్నాలో ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు మిగిలితేనే ఆశ్చర్యం. మామ అంటే మా అమ్మ తమ్ముడు. చెవులు పూర్తిగా మొరాయించాక కార్ఖానా మానేసి, ఒక తెల్లగుర్రాన్ని కొని, పెళ్ళికొడుకులను ఊరేగించే పనిలో పడ్డాడు. పెళ్ళిళ్ళు లేని ఆదివారాలు డుమస్ సముద్రపు ఒడ్డున పిల్లలను ఎక్కించుకుని తిప్పేవాడు. బ్యాండు మోత వినపడని మనిషికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదని మేమంతా నవ్వుకునేవాళ్ళం. మా పెదాలు చూసి మామ కూడా నవ్వేవాడు.

పెదాలు చూసి మాట పట్టడం కార్ఖానా విద్య. మగ్గాల రొదలో పక్కనున్నవాడి కేక కూడా వినపడదు కాబట్టి అక్కడందరూ నోటి కదలికతోనూ చేతి సైగలతోనూ మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు మామకు టిఫిన్ డబ్బా మోసుకెళ్ళీ మోసుకెళ్ళీ నేనూ నేర్చేసుకున్నాను. అరచేయి చాచి ముందుకు ఊపితే అంతా బాగుంది, నడవనీ అని. పిడికిలి చూపిస్తే ఆపమని. కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కులు కట్టాక మామకు పెదాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఇక చేతులే దిక్కయ్యాయి.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, పెళ్ళిళ్ళు ఆగాయి, గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి సొంత ఊరికి పోయి అక్కడే చిక్కుకుపోయాడు. గుర్రం గిట్టలకు మాత్రం లాక్‌డౌన్ లేదు. అవి పెరుగుతూనే ఉన్నాయి. నాడాల చుట్టూ పొర్లి పెరిగి, ఒకరోజు కుడి ముందుకాలి నాడా గిట్ట అంచుతో సహా ఊడి వచ్చింది. గుర్రం కుంటడం మొదలుపెట్టింది. మామ అన్నం మానేశాడు.

నా దగ్గర చీరలకు ఫాల్ కుట్టించుకునే ఒకావిడ ద్వారా కొత్తగా సూరత్ వచ్చిన పశువుల డాక్టరొకరు, తెలుగాయన, దొరికారు. ఆయన వచ్చి మిగతా మూడు నాడాలూ పీకేసి, గిట్టలు చెక్కి, చేతులు శానిటైజర్‌తో రుద్దుకుంటూ నాతో చెప్పారు.

"ఏడాది దాకా నాడాల ఊసెత్తకండమ్మా. గిట్ట పైనుంచి కొత్తగా దిగాలి. రోజూ కాస్త నడిపించండి, నడిస్తేనే అరికాలు గట్టిపడుతుంది. కానీ మీ దారంతా కంకర కదా. ముందుకాళ్ళకు బూట్లు తెప్పించి తొడగండి."

గుర్రానికి బూట్లేమిటని నేను నోరు తెరిచాను. ఆయన ఫోనులో బొమ్మ చూపించారు. అడుగున మందపాటి రబ్బరు, మడమ దగ్గర పట్టీ, నిజంగా బూట్లే. నేను ఆయన మాటలన్నీ సైగల్లోకి మార్చి మామకు చెప్పాను. మామ గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

"హోలీ దాకా చూస్త," అన్నాడు. "అప్పటికి గూడ కుంటితే పాంజరాపోల్ల ఇడుస్త. దాన్ని నొప్పితోని నిలవెట్టి ఉంచుకోను."

పాంజరాపోల్ అంటే కుంటివీ ముసలివీ అయిన పశువులను చేర్చుకుని సాకే చోటు. అక్కడ బాగానే చూసుకుంటారు. కాకపోతే అక్కడ చేర్చాక మామ సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటాడు, ఎవరితో మాట్లాడతాడు? ఆ గుర్రం ముందు ఆయన చెవిటివాడు కాడు.

దాంతో బూట్ల పెత్తనమంతా నెత్తిన వేసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చీరల మీద కత్తెర ఆడిస్తున్నదాన్ని, నాకు కొలతలు నేర్పేదెవరని పోజు ఒకటి. కాగితం మీద గుర్రం కాలు నిలబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పొడవూ వెడల్పూ శుభ్రంగా కొలిచాను. అంతవరకూ బాగానే ఉంది. రాసేటప్పుడు మాత్రం చెయ్యి తన పాత పనే చేసింది. ఉతికితే ముడుచుకుంటుందని రెండు వైపులా వేలెడు కలిపింది. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళు ఉన్న కొలత ఉన్నట్టు రాసి ఎరగరు. రబ్బరు ఉతికితే ముడుచుకుంటుందా, గుర్రం బూట్లను ఉతికి ఆరేసేదెవరు అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

వానలు వెనకబట్టాక బూట్లు వచ్చాయి. డాక్టరుగారు వీడియో కాల్‌లో చెబుతుంటే తొడిగాం. గుర్రం తోక వైపు తిరిగి, భుజంతో దాని భుజాన్ని మెల్లగా నెట్టి, కాలి వెనక నరం దగ్గర రెండు వేళ్ళతో నొక్కితే కాలు ఎత్తుతుంది. గిట్ట కింద ఇరుక్కున్న రాళ్ళన్నీ గీకేసి, ముందు కొసను బూటులోకి దూర్చి, వెనక నుంచి అరచేత్తో కొట్టి ఎక్కించాలి. ఎక్కాక పట్టీ బిగించాలి. నాకు కొట్టే పని కూడా పడలేదు. బూటు తనంతట తనే జారి ఎక్కింది. ఎంత హాయిగా పట్టిందో అని మురిసిపోయాను, నా మొహం.

నడిపించుకుంటూ కాలవ గట్టు దాకా బయలుదేరాం. ముందు తాడు పట్టుకుని మామ, వెనక నేను. గుర్రం కాలు సరిగ్గా పడుతున్నదీ లేనిదీ మామ ఎప్పుడూ అడుగుల చప్పుడు గురించి అడిగే తెలుసుకుంటాడు. ఎవరో ఒకరు విని చెప్పాలి, ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగాడు.

"సప్పుడు సమంగ వస్తున్నదా?"

రావడం లేదు. మూడడుగులు సరిగ్గా పడుతున్నాయి, కుడి ముందుకాలు మాత్రం పెద్దచెప్పు వేసుకున్న పిల్లలా ఈడ్చుకుంటూ ఆలస్యంగా పడుతోంది. నాకు స్పష్టంగా వినపడింది. కానీ కొలత నాది. వీధంతా గొప్పలు చెప్పుకున్న నోరూ నాదే. కాసేపటికి అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మాస్కు వెనక పెదాలు కదపలేదు కూడా. అరచేయి చాచి ముందుకు ఊపాను.

మామ నమ్మాడు. గట్టు దాకా పోయి వచ్చాం. ఇంటికొచ్చి బూటు విప్పితే మడమ దగ్గర తోలంతా ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. గుర్రం ఆ కాలు కింద పెట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నాకు వినపడ్డది మామా," అన్నాను మాస్కు కిందికి లాగి.

"మరి చెయ్యెందుకు ఊపినవ్?"

మామ అరవలేదు, తిట్టలేదు. పుండు మీద నీళ్ళు పోస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"కార్ఖానల గిట్ల చెయ్యి ఊపితే మనిషి వేళ్ళు పోతయి బిడ్డా."

తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి తాడు తనే పట్టుకునేవాడు, గిట్ట తనే కడిగేవాడు, చప్పుడు సంగతి మాత్రం నన్ను అడగడం మానేశాడు. ఆయన తల తిప్పకుండా నడుస్తుంటే వెనక నడవడం నాకు పెద్ద శిక్ష.

పుండు మానాక మళ్ళీ కొలిచాను. ఈసారి డాక్టరుగారు ఫోనులో కాపలా కూర్చున్నారు.

"ఒక్క దారం కూడా కలపకండమ్మా."

కలపలేదు. బూట్లు మార్చి పంపారు. ఈసారి అరచెయ్యి వాచేలా కొడితేగాని ఎక్కలేదు. మడమ ఒరుసుకోకుండా లోపల నూలుగుడ్డ చుట్టమన్నారు. అక్కడ వచ్చింది అసలు తంటా. మైళ్ళకు మైళ్ళు బట్ట నేసే ఊళ్ళో, మా ఇల్లూ పక్కిల్లూ గాలించినా పాలిస్టర్ తప్ప ఇంకోటి లేదు. చివరికి మామ పెళ్ళినాటి నూలు ధోవతి పెట్టె అడుగున దొరికింది. దాన్ని పట్టీలుగా చింపుతుంటే మామ పెద్దగా నవ్వాడు. ఆ పుండు పడ్డ తరవాత మొదటిసారి నవ్వాడు, నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆయన అడగకపోయినా నేనే చెప్పడం మొదలుపెట్టాను. పది అడుగులు పడగానే ముందుకు వెళ్ళి ఎదురుగా నిలబడి, ఆలస్యంగా పడుతోందని పిడికిలి చూపించేదాన్ని. ఆయన ఆగి పట్టీ సర్దేవాడు. మరునాడు మళ్ళీ పిడికిలి. చలికాలమంతా నా చేతికి పిడికిలి తప్ప వేరే పని లేదు. ఆలస్యం తగ్గుతోందని వేళ్ళతో కొలిచి చూపించేదాన్ని, జానెడు, నాలుగు వేళ్ళు, రెండు వేళ్ళు. మామ తలూపేవాడు, అంతే. పాంజరాపోల్ మాట ఇద్దరం ఎత్తలేదు గానీ హోలీ దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు.

హోలీ ఇంకా వారం ఉందనగా ఒక ఉదయం మామ బూట్లు తొడగలేదు. వాటిని సంచిలో వేసి నా భుజానికి తగిలించి, వట్టి గిట్టలతోనే గుర్రాన్ని కంకర మీదికి నడిపించాడు. నేను వెనక నడిచాను. టక్, టక్, టక్, టక్. నా చెవులను నేనే నమ్మలేదు. గట్టు దాకా వింటూనే పోయాను, వంకర దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ పోయాను. దొరకలేదు.

గట్టు మీద మామ ఆగి వెనక్కి తిరిగాడు. ఇన్ని నెలల తరవాత ఆ మాట మళ్ళీ అడిగాడు.

"సప్పుడు సమంగ వస్తున్నదా?"

నేను అరచేయి చాచి ముందుకు ఊపాను. మామ గుర్రాన్ని చూడలేదు, నా చేతిని కూడా చూడలేదు. కరోనా దూరం పాటిస్తూ నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"జర మాస్కు తీసి చెప్పు బిడ్డా."

తీశాను. సమంగా వస్తోంది మామా అన్నాను. ఆయనకు ఏమి అర్థమైందోనని మళ్ళీ ఒకసారి అన్నాను. మామ దగ్గరికొచ్చి, నా భుజాన ఉన్న సంచి తీసి తన భుజానికి వేసుకుని, గుర్రం తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.