లేని బగ్గులు

సూర్యాపేటలో ఇంట్లోనే కూర్చుని ఒక హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాను. ఆ ఉద్యోగం కాక నాకు ఇంకో పని కూడా ఉండేది. దానికి జీతం లేదు. ప్రోగ్రామర్లు ముక్కలుగా రాసిన కోడ్‌ను జోడించి, నడిచే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసే టూల్ ఒకటుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏం రాసి ఉందో చూడవచ్చు, బాగుచేయవచ్చు. అది ఎక్కడైనా మొరాయిస్తే జనం చెప్పుకోవడానికి నెట్‌లో ఒక పేజీ ఉంటుంది. అక్కడికి వచ్చే బగ్గులను, అంటే జనం చెప్పిన లోపాలను, నా లాప్‌టాప్‌లో పరీక్షించి, నిజమైనవాటిని బాగుచేసేవాళ్ళకు అప్పగించేదాన్ని. నాతోపాటు వేరే దేశాలవాళ్ళు కొందరు ఉండేవారు. పొద్దున పాపను బడికి పంపి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ పేజీ తెరవడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

పోయిన వానాకాలంలో ఆ పేజీ పాడైంది. రోజూ కుప్పలుగా బగ్గులు వచ్చిపడేవి. అన్నీ ఒకే తీరు. ఏఐతో రాయించారని మొదటి వాక్యంలోనే తెలిసిపోయేది. మా టూల్‌లో అసలు లేని బటన్ నొక్కితే అది ఆగిపోతోందట. అయినా ఒకవేళ నిజమేమోనని ఒక్కొక్కటీ పరీక్షించేదాన్ని. ఏమీ ఉండేది కాదు. పెళ్ళి భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్ళన్నీ నా ఒక్కదాని చేతే ఎత్తిస్తున్నట్టు ఉండేది. పంపినవాళ్ళ వివరాల్లో కోదాడలోని ఒక ఇన్‌స్టిట్యూట్ పేరు కనిపించింది. నాతో పనిచేసే అవతలి దేశాలవాళ్ళలో ఒకాయన, "ఇది మీ ప్రాంతమే కదా?" అని అడిగాడు. తల కొట్టేసినట్టయింది. ఒక శనివారం బస్సెక్కి కోదాడ వెళ్ళాను.

ఇన్‌స్టిట్యూట్ అంటే టైర్ల షాపు మీద రెండు గదులు. నడిపే ఆయన మర్యాదగా లేచి కూర్చోమన్నాడు. విషయం చెబితే మొహం వెలిగిపోయింది.

"అవునండీ, మా పిల్లలే. రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ అని ఉంటే కంపెనీలు పిలుస్తున్నాయండి. అందుకే కోర్సు పెట్టాం."

"వాళ్ళు గా టూల్‌ను ఒక్కసారన్న నడిపి సూసిన్రా?"

"నడపటం ఎందుకండీ? ఏఐని అడిగితే అదే రాసిస్తది కదా."

"లేని బగ్గు ఉన్నదని రాస్తే మేము పని ఇడిసిపెట్టి దాన్ని ఎతుక్కుంట కూసోవాలె."

ఆయన నవ్వాడు. "ఊరికే చేసేవాళ్ళే కదండీ మీరు. ఖాళీ ఉండబట్టేగా చేస్తున్నారు. మావాళ్ళవి వచ్చినప్పుడు కాస్త చూసీచూడనట్టు ఒప్పుకున్నారనుకోండి, మన జిల్లా పిల్లలు బాగుపడతారు. ఒకసారి మిమ్మల్ని పిలిచి శాలువా కప్పుతాం."

పక్క గదిలో పిల్లలు వరసగా కూర్చుని ఏఐ రాసిచ్చింది తెచ్చి మా పేజీలో అతికిస్తున్నారు. నడిగూడెం నుంచి వస్తున్నానన్న ఒకమ్మాయి నన్ను చూసి, "మేడం, గిది దేనికి పనికొస్తది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "అదంతా నీకెందుకమ్మా, సబ్మిట్ కొట్టు" అన్నాడు. ఆయన తెప్పించిన కూల్‌డ్రింక్ అక్కడే వదిలేసి మెట్లు దిగాను. ఒళ్ళంతా జిడ్డు పూసుకున్నట్టుంది.

ఆ వారంలోనే అవతలి దేశాలవాళ్ళు ఒక నిర్ణయం చేశారు. మా వైపు నుంచి కొత్తవాళ్ళు ఏం పంపినా చదవకుండానే మూసేయాలని. వద్దన్నాను. అప్పటికి ఎవరికీ ఓపిక మిగల్లేదు.

కొన్నాళ్ళకు మిర్యాలగూడ నుంచి ఒకావిడ నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతుందట.

"నేను గా కోదాడోళ్ళ మనిషిని కాదు మేడం. ఫోల్డర్‌కు తెలుగుల పేరు పెడితే మీ టూల్ ఆగిపోతున్నది. మా పిల్లలు తెలుగులనే పెట్టుకుంటరు. మళ్ళ మళ్ళ రాసిన. ఎవ్వలు సదవకుండనే మూసేసిన్రు."

నేను 'పరీక్ష' అని ఫోల్డర్ చేసి చూశాను. నిజమే. ఫోల్డర్ కళ్ళ ముందే ఉంటే, మా టూల్ లేదంటోంది. ఆవిడ పంపింది మళ్ళీ తెరిచాను. అవతలి దేశాలవాళ్ళలో ఒకాయన "మళ్ళీ అక్కడి నుంచేనా" అని రాసి మూసేశాడు. కోదాడ ఆయన మీద పుట్టిన అసహ్యమే ఈయన మీదా పుట్టింది. ఇద్దరూ చదవనివాళ్ళే. నేను చేసి చూసినదంతా ఫొటోలు తీసి పెట్టి, వాదించి వాదించి చివరికి ఒప్పించాను. బగ్గు బాగుపడింది. పక్కన దాన్ని కనిపెట్టినవారిగా ఆవిడ పేరు ఎక్కింది.

ఫోన్ చేసి చెప్పాను. మాతో కలిసి పనిచేయమని కూడా అడిగాను.

"వద్దు మేడం. దొంగను సూసినట్టు సూసిన్రు. నా పిల్లల పని అయితున్నది, సాలు" అంది.

తర్వాత నెలలోనే ఆవిడ నుంచి ఒక ఫొటో వచ్చింది. మిర్యాలగూడ బస్టాండ్ ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. కోదాడ ఇన్‌స్టిట్యూట్ అక్కడా బ్రాంచి తెరిచింది. కోదాడ ఆయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో, ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు బగ్గును కనిపెట్టింది తమ విద్యార్థులేనని రాసి ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "ఊకుందామా? ఆడికి పోయి అడుగుదాం, నేనొస్త" అన్నాను.

"ఏమని అడుగుతం మేడం. మా క్లాసు పిల్లలే సగంమంది ఆడ చేరిన్రు. మీరు కూడ చేరున్రి మేడం, సర్టిఫికెట్ ఇస్తరు అని నాకే చెప్తున్నరు."

ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నుంచి బగ్గుల పేజీ తెరవడం మానేశాను. మానేసినందుకు బాధ ఏమీ లేదు. ఆ ఫ్లెక్సీ గుర్తొచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ అదే అసహ్యం పుడుతుంది.