తాతయ్య గొంతుకు వేసిన అతుకు

మా తాతయ్య గొంతు నాకు గుర్తు లేదు. ఆయన పోయేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నానట. కానీ ఆయన ఆఖరిసారి అన్న మాట మాత్రం ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నాకు కంఠతా వచ్చు. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, రోజూ అదే చెప్పేది మరి. ఆ పొద్దున ఆయన రేవు దాటించే పంటు ఎక్కి గోదారి అవతలికి వెళ్ళాలి. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "వెళ్తున్నా" అన్నారట. "వెళ్ళొస్తా" అనలేదు. మామ్మ పొయ్యి దగ్గరుంది. మాట చెవిన పడింది, అదేం మాటని దిద్దుదామనుకుంది, పెనం మీద అట్టు మాడుతోందని ఊరుకుంది. అవతలి రేవులో దిగగానే ఆయన గుండె ఆగిపోయింది. సాయంత్రం అదే పంటు మీద తీసుకొచ్చారు.

"ఆపి, వస్తానని అనండీ అని ఉంటే సరిపోయేది," అనేది మామ్మ, లేసు అల్లుతూ. నరసాపురంలో మా వీధి ఆడవాళ్ళందరి చేతుల్లోనూ ఆ సూదే ఉండేది. అందరూ ఊళ్ళో కబుర్లు చెప్పుకుంటూ అల్లుతుంటే మామ్మ మాత్రం ఆ ఒక్క కబురే చెప్పేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మాట మారిస్తే ప్రాణం నిలబడుతుందా, నీకేమైనా పిచ్చా అని వాదించేదాన్ని. మామ్మ తిరిగి వాదించేది కాదు, సూదీ ఆపేది కాదు. ఆవిడ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయి బతుకుతోందని నాకు కోపం. కోపం కంటే భయం ఎక్కువ.

డిగ్రీ అయ్యాక, ఏవో కోర్సులు నేర్చుకుంటానని చెప్పి నాన్నచేత కంప్యూటర్ కొనిపించాను. నేర్చుకున్నది మాత్రం వేరు. భీమవరంలో కొన్న దొంగ సీడీలో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. నాకు సరిగమలు రావు, నా గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి అవేమీ పట్టవు. టేప్‌రికార్డర్ మైకుతో పట్టిన ఏ చప్పుడు ఇచ్చినా తీసుకుంటుంది, ముక్కలు కోసి వరసగా పేర్చుకోవడమే మన పని. మా రొయ్యల చెరువులో ఏరేటర్ చక్రాలు నీళ్ళని కొట్టే చప్పుడు నాకు డప్పయింది. పంటు ఇంజను మోత పాట అడుగున మోగే శ్రుతి అయింది. ఇంట్లోవాళ్ళకి ఇదంతా వింత. "బోరు మోటారు పట్టేసినట్టుంది, కాస్త చూడండి," అని అమ్మ నాన్నతో అనేది, నాకు వినబడేలా. పక్కింటి అత్తయ్యగారు ఏకంగా దిష్టి తీయించమన్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ పాటలు ఎక్కిస్తే, ఎక్కడివాళ్ళో విని రెండు ముక్కలు రాసేవారు. ఆ రెండు ముక్కలతో వారం గడిచిపోయేది.

అలా చప్పుళ్ళు వెతుక్కుంటూ ఒకరోజు అటక మీంచి పాత కేసెట్ల డబ్బా దించాను. ఒక కేసెట్ మీద ఏమీ రాసిలేదు. గల్ఫ్ నుంచి వచ్చిన బాబాయి తన కొత్త టేప్‌రికార్డర్‌ని అరుగు మీద పెట్టి, సరదాకి నొక్కి వదిలేసినప్పటిదని తర్వాత నాన్న చెప్పారు. అందులో ఇద్దరు పెద్దమనుషులు కాలవ నీళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన దగ్గి, "నిన్న లాకుల దాకా వెళ్ళి చూశానండి," అన్నారు. అది అచ్చం మా నాన్న దగ్గు. నాన్న దగ్గు ఈయనకెలా వచ్చిందనుకున్నాను. వచ్చింది అటునుంచి ఇటు కదా అని తట్టేసరికి కేసెట్ వెనక్కి తిప్పి ఆ దగ్గు మళ్ళీ విన్నాను.

కాసేపటికి వీధిలోంచి ఎవరో పిలిస్తే, "మీరు పదండి, నేను వస్తానండి," అన్నారు తాతయ్య. అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. "వెళ్ళి" అక్కడుంది, "వస్తా" ఇక్కడుంది. రెండూ అతికితే మామ్మకి కావలసిన మాట తయారవుతుంది. ఆయన అనకుండా వెళ్ళిపోయిన మాటని ఆయనచేతే అనిపించొచ్చు. పిచ్చి నమ్మకమని అన్నేళ్ళు వాదించినదాన్నే, ఆ నమ్మకానికి మందు నూరడానికి కూర్చున్నాను.

ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో. కరెంటు పోయేది, చేసిందంతా దానితోపాటు పోయేది, మళ్ళీ మొదలు. "వెళ్ళి" దగ్గర గొంతు కిందికి దిగేది, "వస్తా" దగ్గర పైకి లేచేది. అతికితే ఇద్దరు మనుషులు చెరో మాటా అన్నట్టుండేది. ఎలాగో దాన్ని సర్దాను. చివరున్న "అండి" తీసేద్దామంటే మాట తెగి, పీక నొక్కినట్టు వినబడేది. పోనీ ఉంటే ఏం అని ఉంచేశాను. మా వైపు కుక్కని అదిలించినా అండి అంటారని బయటివాళ్ళు వెక్కిరిస్తారు. ఒక అండి ఎక్కువైతే ఎవరికి నష్టం? హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే మాట వందసార్లు వినేదాన్ని. పోయిన మనిషి నా చెవిలో మళ్ళీ మళ్ళీ సెలవు తీసుకుంటున్నారు. ఇది తగని పనేమో అని చాలాసార్లు అనిపించింది. అయినా ఆపలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ చాప మీద కూర్చుని లేసు అల్లుకుంటోంది. ఏమీ చెప్పకుండా స్పీకర్లు పెట్టి నొక్కాను.

"వెళ్ళి వస్తానండి."

సూది ఆగింది. మళ్ళీ నొక్కాను. మామ్మ తలెత్తి, స్పీకర్ల వైపు కాదు, గుమ్మం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఆయన అండీ అంటున్నది ఎవర్నే?"

నిన్నే మామ్మా అన్నాను. ఆ మాట నాకే బోలుగా వినబడింది.

"నన్ను ఆయన ఏనాడూ అండీ అనలేదే పిల్లా. అది అరుగు మీద గొంతు. పైవాళ్ళతో మాట్లాడే గొంతు."

ఆ మాటలో కోపం కూడా లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని తెచ్చి ఇద్దామనుకుని, ఇంకాస్త పరాయివాణ్ణి చేసి ఇచ్చాను. ఏడుపొచ్చింది. కంప్యూటర్ కట్టెయ్యబోతుంటే మామ్మే ఆపి, దీన్ని ఎందులోంచి కోశావో అది మొత్తం పెట్టమంది.

పెట్టాను. కాలవ నీళ్ళు, దగ్గు, సైకిల్ బెల్లు. మామ్మ మళ్ళీ సూది పట్టుకుంది. ఆ రోజుల్లో లోపల పని చేసుకుంటూ ఎలా వినేదో అలాగే వింటోంది. కేసెట్ చివరికొచ్చింది. అక్కడ తాతయ్య మొహం ఇంట్లోకి తిప్పినట్టున్నారు, గొంతు దూరమైంది. ఎందుకూ పనికిరాదని నేను వదిలేసిన ముక్క అది.

"ఏమే."

"ఆఁ, వస్తున్నానండీ," అంది మామ్మ.

తలెత్తలేదు. ఆలోచించలేదు. సూది పక్కన పెట్టి, అరచెయ్యి నేలకి ఆనించి, సగం లేచింది. దారపు ఉండ మంచం కిందికి దొర్లిపోయింది. కేసెట్ ఆ పిలుపుతోనే అయిపోయింది, ఇక ఉత్త బుసబుస. మామ్మ లేవాలో కూర్చోవాలో తెలియనట్టు అలాగే ఉండిపోయింది. వెళ్ళి పట్టుకున్నాను.

"పలికాను కదా," అంది. "విన్నారంటావా?"

అంత వాదించిన నోటితోనే, విన్నారు మామ్మా అన్నాను.

ఆ తర్వాత ఆవిడ "వెళ్తున్నా" కథ మళ్ళీ ఒక్కసారి కూడా చెప్పలేదు. కానీ ఇంకొకటి మొదలైంది. అన్నం తింటూనో, లేసు అల్లుతూనో, ఎవరూ పిలవకుండానే "ఆఁ, వస్తున్నా" అనేది. అమ్మ కంగారుపడి డాక్టరుగారికి చూపిద్దామంది. నేను మాత్రం మామ్మ పలికినప్పుడల్లా గుమ్మం వైపు చూసేదాన్ని, చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఆ మరుసటి ఏడు వానల్లో, పడుకున్నది పడుకున్నట్టే పోయింది. పక్కనే ఉన్నాను. ఏమైనా పలికిందో లేదో నాకు వినబడలేదు.

మామ్మ ఆ కేసెట్‌లో పిలుపుకి పలికిన మధ్యాహ్నం నేను మైకు పెట్టుకోలేదు. ఊళ్ళో చప్పుళ్ళన్నీ పట్టుకున్నదాన్ని, అదొక్కటీ పట్టుకోలేదు. మామ్మ మాటలు వేరేవి కొన్ని నా దగ్గరున్నాయి. కోసి అతికితే "వస్తున్నానండీ" వస్తుంది, ఇప్పుడు అతుకు తెలియకుండా వెయ్యగలను కూడా. వెయ్యలేదు. బదులుగా ఒక పాట కట్టాను. చెరువులో చక్రాలు తిరుగుతాయి, పంటు ఇంజను దగ్గరవుతుంది, అన్నీ ఒక్కసారి ఆగుతాయి. "ఏమే," అంటారు తాతయ్య. తర్వాత ఏమీ ఉండదు. మళ్ళీ చక్రాలు.

నెట్‌లో పెడితే ఎవరో విని రాశారు, మధ్యలో చప్పుడు రావడం లేదు, ఫైలు పాడైనట్టుంది, సరిచేసి మళ్ళీ పెట్టమని. పాడవలేదండీ అని జవాబిచ్చాను. అక్కడ ఒక మనిషి సూది పక్కన పెట్టి పలకడానికి పట్టేంత చోటు వదిలాను.