ఎండలో పెట్టిన సోడా

మా పిన్ని బాపట్లలో సైన్సు టీచరు. ఎసరు పొంగినా, కుక్కరు కూత వేసినా రెండు చేతులూ చరిచి "చూశారా!" అనేది. ఆ మాట అనకుండా ఆమె ఉండలేదు.

అలాంటి మనిషిని పెళ్ళిచూపుల్లో తల వంచుకుని కూర్చోమన్నారు. తెనాలి నుంచి పెళ్ళివారు రైల్లో రేపల్లె వచ్చి, మా ఇంట్లో దిగారు. మండే మే నెల. మన మర్యాద వాళ్ళ కంట పడాలని తాతయ్య గోళీ సోడాల పెట్టెను పొద్దుటి నుంచీ వీధి అరుగు మీద ఎండలోనే ఉంచాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పెళ్ళికొడుకు ఎదుట నిలబడి తనే స్వయంగా గోళీ నొక్కాడు. సోడా బుస్సుమని ఎగజిమ్మి ఆ అబ్బాయి తెల్ల చొక్కాను నిలువునా తడిపేసింది.

సంబంధం పోయినట్టేనని అమ్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అంతలో చప్పట్లు! పిన్ని లేచి నిలబడింది.

"చూశారా! వేడెక్కితే నీళ్ళల్లో గ్యాసు నిలవదండి! తడి ఇసకలో పెట్టింది కొట్టి చూపిస్తానుండండి!"

పెరట్లోకి పరుగెత్తి చల్లటి సీసా తెచ్చి గోళీ నొక్కింది. కీచుమని ఒక్క కూత, నాలుగు బుడగలు, అంతే.

పెళ్ళికొడుకు మొహం తుడుచుకుంటూ, "ఆ ఎండలోది ఇంకోటి కొట్టండి. ఇందాక సరిగ్గా చూళ్ళేదు" అన్నాడు.

తర్వాత వేసవి సెలవులకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా పిన్ని మా కోసం ఒక సోడా ఎండలో పెట్టేది. బాబాయి ముందే చొక్కా విప్పి, కొక్కేనికి తగిలించి, వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.