చప్పుడు లేని ఫ్యాను

ఫ్యాను రెక్కలు గీసే ఇంజనీరు మా అమ్మమ్మ. తిరిగేది ఏదైనా, ఆఖరికి మిక్సీ అయినా, తల వాల్చి చెవి ఒగ్గుతుంది. మేం పిలిస్తే మాత్రం వినబడదు. కంప్యూటర్లో రెక్కను వెంట్రుకవాసి వంచుతుంది, గాలి ఎటు పోతుందో లెక్క కట్టిస్తుంది, పెదవి విరిచి మళ్ళీ వంచుతుంది. అలా కొన్నేళ్ళు కుస్తీపట్టి, రిటైరవడానికి ఇంకా కొంతకాలం ఉందనగా చప్పుడే లేని ఫ్యాను తయారుచేసింది. అది అమ్ముడుపోలేదు.

"మోత లేకపోతే గాలి రావట్లేదనుకుంటున్నారు మేడమ్ జనం. కాస్త మోత పెట్టండి," అన్నాడు మేనేజరు ఫోన్లో.

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని, తన రెక్కను తనే చెడగొట్టడానికి కూర్చుంది.

"ఓ సొట్ట కొట్టేస్తే పోలా?" అన్నాను.

"ఊగి నెత్తిన పడుతుందిరా వెధవా! పాడుచెయ్యడానికీ లెక్క కావాలి."

మోత కుదిరిన రోజున ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు దక్కిన చప్పట్లు అవే.